ఎడమ పక్కకి తిరగమ్మా

ఫిబ్రవరి 4, బుధవారం

ఈసారి కూడా ఎండీ ప్రాక్టికల్స్‌కి ఇంటర్నల్ ఎగ్జామినర్ని నేనే. ఎవరూ ఒప్పుకోకపోతే నా నెత్తిన రుద్దారని డిపార్ట్‌మెంట్‌లో అనుకుంటున్నారట. అనుకోనీ. నిజానికి నేనే అడిగి పుచ్చుకున్నాను. వచ్చే నెల విశాఖ కాన్ఫరెన్సులో నా ప్రసంగం ఉంది, 'పీజీ వైద్య పరీక్షల ప్రమాణాలు పడిపోతున్నాయా?' అని. ఆ ప్రశ్నార్థకం వాళ్ళు పెట్టించింది. నేనైతే ఫుల్‌స్టాప్ పెట్టి ఊరుకునేదాన్ని.

మా రోజుల్లో అని మొదలుపెట్టి ఈ మాట అందరూ అంటారు. రుజువు మాత్రం ఎవరి దగ్గరా ఉండదు. పేపరు మారుతుంది, ఎగ్జామినరు మారతాడు, కేసులు మారతాయి. ఇంక దేన్ని దేనితో పోలుస్తారు? నా దగ్గర మారనిది ఒకటుంది. అక్కుపల్లి గౌరీశ్వరి. మా కాలేజీలో పీజీ మొదలైన ఏడు నుంచీ ప్రతి ఎండీ పరీక్షకీ ఆమే కేసు. అదే మనిషి, అదే గుండె, అదే జబ్బు. ఆ గుండె చప్పుడు ఏ ఏడు ఎంతమంది పట్టుకున్నారో గీత గీస్తే చాలు. మొదటి బ్యాచ్‌లలో దాదాపు అందరూ పట్టేవారు. ఇప్పుడు సగానికి పైగా గోడవైపు చూస్తున్నారు. గీత నిచ్చెన దిగినట్టు దిగుతోంది. ఇంతకంటే రుజువేం కావాలి?

ఇవాళ గౌరీశ్వరి ఓపీకి వచ్చింది. మేం కబురు పెడితేగాని వచ్చే మనిషి కాదు.

"పరీక్సలకి ఇంకా పిలుపు రానేదేటమ్మా? నన్ను మర్సిపోనారేటనుకున్నాను" అంటూ బల్ల మీద కూర్చుంది. కూర్చున్నాక కాసేపు మాట రాలేదు, ఎగపోస్తోంది. "ఈ పాలి కాసింత ఆయాసంగా ఉందమ్మా. సేపల గంప ఎత్తనేకపోతన్నాను. కాల్లు సూడు, ఎలా పొంగిపోనాయో."

నాడి చూశాను. తడబడుతోంది. ఒక దెబ్బ గట్టిగా, ఒకటి నీరసంగా, వరస లేకుండా. నీరు లాగే మాత్ర పెంచి రాశాను.

ఇలాంటి నాడి ఉంటే గుండెలో రక్తం గడ్డకట్టొచ్చు. గుండెకి ఎకో స్కానింగ్ తీసి, రక్తం పల్చబడే మందు మొదలుపెట్టాలి. తెలుసు. మా కాలేజీలో ఎకో మిషనుంది. వారానికోసారి వచ్చే కార్డియాలజిస్టు చూశాడంటే మర్నాడే విశాఖ పంపించేస్తాడు. వాళ్ళక్కడ ఇరుకైన కవాటాన్ని బెలూన్‌తో వెడల్పు చేసి పంపుతారు. అప్పుడు నా పరీక్షకి కేసు ఎక్కడినుంచి వస్తుంది? నా గీతకి చివరి చుక్క ఎక్కడినుంచి వస్తుంది?

పరీక్షలయ్యాక పంపుతాను. ఇన్నేళ్ళు నెట్టుకొచ్చిన మనిషికి ఈ నాలుగు రోజుల్లో ఏం మునిగిపోతుంది?

ఫిబ్రవరి 7

ప్రసంగానికి డాక్టర్లు కానివాళ్ళు కూడా వస్తారట. వాళ్ళకోసం ఇలా రాశాను: 'గుండెలో ఎడమవైపు రెండు గదుల మధ్య తలుపు ఇరుకైతే రక్తం దూరేటప్పుడు దూరంగా గూడ్సు బండి వెళుతున్నట్టు గుడగుడమంటుంది. దానికి ముందు, ఆ తలుపు తెరుచుకునే క్షణంలో చిన్న టిక్కు. పేషంటును ఎడమ పక్కకి తిప్పి స్టెతస్కోపు మెత్తగా ఆనిస్తే వినపడుతుంది. మిషన్లు అక్కర్లేదు, చెవులు చాలు.'

చివరి వాక్యానికి చప్పట్లు పడతాయి.

ఫిబ్రవరి 11

మావారు విలియం గారు అన్నం తింటూ అడిగారు. ఎండు రొయ్యలు తెచ్చిచ్చిందని ఆయనకి గౌరీశ్వరి అంటే అభిమానం. రిటైరయ్యాక ఆయనకి నా పేషంట్లంతా చుట్టాలైపోయారు.

"కాళ్ళు పొంగాయన్నావు కదా, విశాఖ పంపేవా ఆవిడని?"

"పరీక్షలయ్యాక."

"ఎవరి పరీక్షలు?"

బడిపంతులు బుద్ధి ఎక్కడికి పోతుంది? పెరుగు వేసుకోకుండానే లేచిపోయాను. మొదట్లో బెలూన్ సంగతి గౌరీశ్వరికి నేనే చెప్పాను. భయపడి వద్దంది. వద్దన్న మనిషిని ఈడ్చుకుపోతామా? ఆ తర్వాత మళ్ళీ నేను అడగలేదు, అది వేరే సంగతి.

ఫిబ్రవరి 16

మొదటి రోజు అయింది. ఎక్స్‌టర్నల్‌గా చంద్రమౌళి గారని గుంటూరు వైపు నుంచి వచ్చారు. మంచాయన. మంచాయనే, కాకపోతే అందరినీ పాస్ చేయించి సాయంత్రం రైలెక్కే రకం. కోటబొమ్మాళిలో ఏ బళ్ళు ఆగుతాయని పొద్దున్నే వాకబు చేశారు.

రేపు గౌరీశ్వరి.

ఫిబ్రవరి 17, మంగళవారం

జీపు తెల్లారేసరికే అక్కుపల్లి వెళ్ళింది. గౌరీశ్వరి డిపార్ట్‌మెంట్ ఇచ్చిన కొత్త చీర కట్టుకుని, పెళ్ళికూతురి తల్లిలా వార్డంతా కలయతిరిగింది. తిరిగి తిరిగి మంచం పట్టుకుని నిలబడిపోయింది. పక్క మంచం ఆవిడతో అంటోంది: "నా గుండి మీద సదూకున్నోల్లేనమ్మా ఈ జిల్లాలో డాట్రలంతాను. నాను నేకపోతే ఈలకి పరీక్సే నేదు."

అందరం నవ్వాం. నేనూ నవ్వాను.

ఆమెకి ఈ తతంగమంతా కంఠతా వచ్చు. కుర్రాడు స్టెత్ చెవిలో పెట్టుకోగానే, "ఎడం పక్కకి తిరగమంతావేటి బాబూ?" అని తనే తిరిగి, చెయ్యి తలకింద పెట్టుకుని పడుకుంటుంది. ఇంక కదలదు. పరీక్ష ఎంతసేపు సాగినా సరే, నేను "చాలమ్మా" అనాలి. నేనంటేనే తిరిగి వెల్లకిలా పడుకుంటుంది. ఇవాళ అలా పడుకోవడానికి ఆయాసపడింది. చూశాను.

మొదట వచ్చిన శ్రీకర్ అదరగొట్టాడు. టిక్కు, గుడగుడ, అన్నీ వరసగా చెప్పేశాడు. స్టెత్ ఆనించింది కాసేపే, అయినా చెవి చురుకైనవాడు. చంద్రమౌళి గారు ముచ్చటపడ్డారు.

తర్వాత జాహ్నవి. నందిగాం పిల్ల. మాట్లాడితే పక్కవాళ్ళకి వినపడదు. తనకిచ్చిన టైమంతా వింటూనే ఉంది. కళ్ళు మూసుకుని, స్టెత్ జరిపి, మళ్ళీ జరిపి.

"ఏం విన్నావు?"

"మర్మర్ వినపడలేదు మేడమ్. ఓపెనింగ్ స్నాప్ కూడా లేదు." అంటే గుడగుడా లేదు, టిక్కూ లేదంటోంది.

"లేదా? నీకు వినపడలేదా?"

స్టెత్ చెవుల్లోంచి తీసింది. "నాకు వినపడలేదు మేడమ్." మళ్ళీ తనే గబగబా, "కాని పల్స్ పూర్తిగా తప్పిపోతోంది మేడమ్. రక్తం పల్చబడే మందు మీద లేరట, నేనడిగాను. వెంటనే ఎకో తీసి, ముందు ఆ మందు..."

"ట్రీట్‌మెంట్ నేనడిగానా?"

"లేదు మేడమ్."

"అడిగినదానికి చెప్పు. వినపడిందా లేదా?"

"లేదు మేడమ్."

నేను వంగి స్టెత్ ఆనించాను. టిక్కు వినపడింది. నాకు స్పష్టంగా వినపడింది. "ఇదిగో" అన్నాను. చంద్రమౌళి గారిని కూడా వినమంటే, "మీరు విన్నారు కదా మేడమ్, ఇంక నేనెందుకు?" అని టీ కప్పు అందుకున్నారు.

మార్కుల దగ్గర ఆయన నసిగారు. "అమ్మాయిని గట్టెక్కిద్దాం మేడమ్. పల్స్ సంగతి సరిగ్గానే పట్టింది కదా." ఎన్నేళ్ళనుంచో ఇలా గట్టెక్కించే ఇక్కడిదాకా తెచ్చామని చెప్పాను. గుండె చప్పుడు వినలేని ఫిజీషియన్ రేపు ఏ పలాస ఆస్పత్రిలోనో కూర్చుంటే ఆ పాపం ఎవరిదని అడిగాను. మీ ఇష్టం అన్నారు. కోణార్క్ ఎక్స్‌ప్రెస్‌కి వెళ్ళిపోయారు.

జీపు ఎక్కేటప్పుడు గౌరీశ్వరి బిరియానీ పొట్లం ఒళ్ళో పెట్టుకుని అంది: "ఆ బాబు బేగి తేల్సీసాడమ్మా. ఆ పిల్ల మాత్తరం శానాసేపు ఇనింది. పాసయిపోద్ది కదా?"

పరీక్షలయ్యాయి.

ఫిబ్రవరి 18

మార్కులు అప్‌లోడ్ చేసేశాను. గీతకి చివరి చుక్క కూడా పెట్టాను. ఇంకొంచెం దిగింది. మనసు తేలికగా ఉంది.

ఫిబ్రవరి 20

గౌరీశ్వరిని పంపాలి. సోమవారం ఫోన్ చేస్తాను.

ఫిబ్రవరి 23

స్లైడ్ల పని. రేపు చేస్తాను.

ఫిబ్రవరి 24

రేపు.

ఫిబ్రవరి 25, బుధవారం

పొద్దున్న నేనింకా కాఫీ తాగుతున్నాను. ఫోన్‌లో ఆమె మొగుడు పోలారావు.

"అమ్మా, మాయావిడి మాటాడ్డం నేదమ్మా. పొయ్యి కాడ కూకున్నది కూకున్నట్టే ఒరిగిపోనాది. మూతి పక్కకెల్లిపోనాది. కుడిసెయ్యి ఎత్తమంతే ఎత్తనేదు. ఏటి సెయ్యమంతారు?"

108లో తెచ్చేసరికి మధ్యాహ్నమైంది. స్కానింగ్ అయింది. గుండెలోంచి రక్తం గడ్డ వెళ్ళి మెదడులో అడ్డుపడింది. గడ్డ కరిగించే ఇంజెక్షన్‌కి టైము దాటిపోయింది. మాట పోయింది, కుడి పక్క పడిపోయింది. అర్థమవుతోంది, అన్నీ అర్థమవుతున్నాయి. కళ్ళతో నన్నే వెతుకుతోంది.

ఫిబ్రవరి 26

ఐసీయూలో అందరినీ బయటికి పంపి, ఫ్యాను ఆపించి, విన్నాను.

ఏమీ లేదు. నాడి తడబాటు తప్ప ఏమీ లేదు. టిక్కు లేదు, గుడగుడ లేదు. సిస్టర్ చేత ఎడమ పక్కకి తిప్పించి మళ్ళీ విన్నాను. నా స్టెత్ పాడైందేమోనని సిస్టర్ స్టెత్ తీసుకుని విన్నాను. ఏమీ లేదు.

ఎకో వచ్చింది. కవాటానికి సున్నం పట్టి రాయిలా బిగుసుకుపోయింది. ఇది వారంలోనో నెలలోనో అయింది కాదు, ఏళ్ళుగా జరుగుతూ వచ్చిందని కార్డియాలజిస్టు అన్నాడు. 'ఈవిడ ఎవరి ఫాలో అప్‌లో ఉన్నారు?' అని కేసు షీటులో వెతుకుతున్నాడు. నేను పక్కనే నిలబడి ఉన్నాను. చెప్పలేదు.

బిగుసుకుపోయిన తలుపు టిక్కుమనదు. రక్తం దూరడం తగ్గిపోతే గుడగుడ కూడా ఆగిపోతుంది. ఈ జబ్బులో రోగం ముదిరేకొద్దీ చప్పుడు తగ్గుతుంది. ఇదేమీ కొత్త సంగతి కాదు, నేను ఏటా క్లాసులో చెప్పే పాఠం.

అయితే పదిహేడో తారీఖున నేను విన్నదేమిటి?

మార్చి 1, ఆదివారం

టెక్కలి చర్చిలో ఇవాళ ప్రభుబల్ల. తప్పు మనసులో దాచుకుని ఆ రొట్టె తినకూడదంటారు. రొట్టె పళ్ళెం మా వరసకి వచ్చింది. నేను తీసుకోకుండా పక్కకి అందించేశాను. విలియం గారు చూశారు.

మార్చి 3

వార్డు రౌండ్లు అవతలి చివరనుంచి మొదలుపెడుతున్నాను. గౌరీశ్వరి మంచం దగ్గరికి వచ్చేసరికి టైమైపోతుంది, మిగతాది అసిస్టెంట్లు చూస్తారు. పని ఎక్కువగా ఉంది, అందుకే.

పోలారావు కారిడార్లో పట్టుకున్నాడు. సంచిలో ఎండు రొయ్యలు. "తీసుకోండమ్మా. తిత్లీ తుపానులో కొబ్బరంతా పడిపోనప్పుడు కూడా మీరు మందులు మానిపించనేదు. ఇన్నేల్లు మీరు కాసుకొచ్చినారు గనకే ఈ మాత్తరమైనా మిగిలింది. నేకపోతే ఏ సంవచ్చరమో దాటిపోయీది." రెండు చేతులూ జోడించాడు. తీసుకున్నాను. తీసుకోకపోతే ఎందుకు తీసుకోలేదో చెప్పాల్సి వస్తుందని తీసుకున్నాను. కారు డిక్కీలోనే ఉన్నాయి, తియ్యడానికి చెయ్యి రావడంలేదు.

ప్రసంగం గీత మళ్ళీ తెరిచి చూశాను. ఏటికేడు దిగుతున్న గీత. అది పిల్లల చెవులు మొద్దుబారడం కాదు. ఆ మనిషి గుండె ఏటికేడు మూగబోతూ వచ్చింది. ప్రమాణం కొలుస్తున్నానని నేను కొలుచుకుంటూ పోయింది గౌరీశ్వరి చావుబతుకుల్ని. దానికి రంగులేశాను, కింద పేరు రాసుకున్నాను. ఇంతమంది పిల్లలు, ఏడు తర్వాత ఏడు, వినపడటంలేదు మేడమ్, వినపడటంలేదు మేడమ్ అని నా మొహం మీదే చెప్పారు. నేను వాళ్ళకి మార్కులు కోశాను తప్ప, ఎందుకు వినపడటంలేదని ఒక్కసారైనా ఆమె గుండెను అడగలేదు.

సిగ్గుగా ఉంది. సిగ్గు అన్నమాట కూడా చిన్నదే.

మార్చి 5, గురువారం

రిజల్ట్స్ వచ్చాయి. జాహ్నవి ఒక్కతే తప్పింది. అయినా డ్యూటీకి వచ్చింది. మంచం దగ్గర కూర్చుని గౌరీశ్వరికి ఫిజియోథెరపీ వాళ్ళు చెప్పినట్టు వేళ్ళు ఒకటొకటీ మడిచి విప్పుతోంది. నా గదిలోకి పిలిచాను.

"ఆ రోజు నీకు నిజంగా ఏమీ వినపడలేదా?"

"లేదు మేడమ్."

"మరి శ్రీకర్‌కి?"

తల వంచుకుంది. "అక్కుపల్లి అమ్మ అంటే మైట్రల్ కవాటం జబ్బని అందరికీ తెలుసు మేడమ్. సీనియర్లు చెప్పేస్తారు. వినపడినా పడకపోయినా టిక్కు ఉందని చెప్పేయమంటారు. అయినా చాలామంది మీ ఎదుట అలా అనలేకపోతారు. శ్రీకర్ కూడా ముందురోజు నాకదే చెప్పాడు."

"నువ్వెందుకు చెప్పలేదు?"

ఇదేం ప్రశ్న అన్నట్టు చూసింది. "వినపడలేదు కదా మేడమ్."

ఏదో అనాలి. పొరపాటైంది అనాలి. ఈలోగా ఆ పిల్లే ఏడుపు ఆపుకుంటూ అంది: "తప్పు నాదే మేడమ్. మందు సంగతి నేనింకోసారి గట్టిగా చెప్పాల్సింది. మీకు కోపమొచ్చింది, ఫెయిలైపోతానని భయమేసి ఊరుకున్నాను. ఆ సాయంత్రం జీపు కదలకముందు వెళ్ళి వాళ్ళాయనకైనా చెప్పాల్సింది. అదీ చెయ్యలేదు."

నా తప్పును ఆ పిల్ల మోస్తోంది. నేను కుర్చీలో కూర్చుని మోయనిచ్చాను. "సరే, వెళ్ళు" అన్నాను.

మార్చి 8

కాన్ఫరెన్సు వాళ్ళకి మెయిల్ పెట్టాను. ఆరోగ్య కారణాలవల్ల ప్రసంగం విరమించుకుంటున్నానని. మీ ఆరోగ్యం జాగ్రత్త మేడమ్ అని వెంటనే జవాబిచ్చారు.

యూనివర్సిటీకి కూడా ఉత్తరం మొదలుపెట్టాను. 'ఒక అభ్యర్థి విషయంలో ఎగ్జామినర్ల మధ్య కొంత అభిప్రాయభేదం' అని రాశాను. విలియం గారికి చూపించాను. చదివి, కళ్ళద్దాలు తీసి, "ఇందులో నువ్వు ఎక్కడున్నావు?" అన్నారు. చించేశాను.

మార్చి 10, మంగళవారం

ఇవాళ రౌండ్లు ఇటుపక్కనుంచి మొదలుపెట్టాను.

వెనకాల శ్రీకర్, జాహ్నవి, జూనియర్లు, అసిస్టెంట్లు, ఓ గుంపు. గౌరీశ్వరి నన్ను చూడగానే మొహం సగం వెలిగింది. మిగతా సగం కదల్లేదు. నా మెడలో స్టెత్ చూసింది. చుట్టూ మూగిన తెల్లకోట్లని చూసింది. నేనేమీ అనలేదు. అందరూ సాక్షులే, నేను ఒక్క మాట అనలేదు. ఎడమచేత్తో మంచం ఊచ పట్టుకుని, పళ్ళు బిగించి, చచ్చుబడిన కుడి పక్కని ఈడ్చుకుంటూ తిరగడం మొదలుపెట్టింది. కుడిచెయ్యి వెనకే ఉండిపోయింది. పోలారావు పరుగున వచ్చి దాన్ని ఎత్తి ఆమె పక్కన పెట్టాడు.

"పరీక్సనుకుంతంది పిచ్చిది" అన్నాడు నవ్వబోతూ. "మీరడక్కముందే తిరగాలి గదా, అలవాటు."

ఎడమ పక్కకి తిరిగి, కళ్ళు మూసుకుని, ఎదురుచూస్తోంది.

వంగి స్టెత్ ఆనించాను. చాలాసేపు విన్నాను. ఆ రోజు జాహ్నవి విన్నంతసేపూ విన్నాను. లేచి, స్టెత్ జాహ్నవికిచ్చాను. తనూ విన్నది.

"ఏం వినపడుతోంది?"

ఆ పిల్ల శ్రీకర్ వైపు చూడలేదు, నా వైపూ చూడలేదు. "ఏమీ లేదు మేడమ్."

"నాకూ ఏమీ వినపడలేదు" అన్నాను. అందరికీ వినపడేలా అన్నాను. "ఇవాళే కాదు, పరీక్షరోజు కూడా వినపడలేదు. వినపడిందని అబద్ధం చెప్పి ఈ అమ్మాయిని ఫెయిల్ చేశాను. ఈవిడ నాడి తప్పుతోందని అంతకుముందే నాకు తెలుసు. మందు మొదలుపెడితే, విశాఖ పంపితే పరీక్షకి కేసు పోతుందని ఆపాను. ఈవిడకి మాట పోయింది అందువల్లే."

శ్రీకర్ నేల చూస్తున్నాడు. జాహ్నవి స్టెత్‌ని రెండు చేతులతో పట్టుకుని అలాగే నిలబడింది. పోలారావు నా మొహంలోకి చూశాడు, భార్య మొహంలోకి చూశాడు, మళ్ళీ నా మొహంలోకి.

"ఆపేరా అమ్మా?" అన్నాడు.

"ఆపాను పోలారావూ."

అతను ఆమె పక్కన ఎత్తిపెట్టిన చేతిని తన చేతిలోకి తీసుకుని కూర్చున్నాడు. తిట్టి ఉంటే నిలబడగలిగేదాన్నేమో. గదికి వచ్చి, యూనివర్సిటీకి ఈసారి ఉన్నది ఉన్నట్టు రాశాను, నా పేరుతో, నా సంతకంతో. మధ్యాహ్నం టపాలో పంపేశాను. జాహ్నవి మార్కులు మారుస్తారో లేదో తెలియదు. నన్నేం చేస్తారో తెలియదు.

అది పంపి, కారు తాళాలు తీసుకుని మెట్లు దిగుతుండగా గుర్తొచ్చింది. పరుగెత్తాను. ఈ వయసులో, రోగుల బంధువులు తప్పుకుంటుంటే వార్డులోకి పరుగెత్తాను.

గౌరీశ్వరి ఎడమ పక్కకే తిరిగి ఉంది. సిస్టర్ తిప్పబోతే ఊచ వదల్లేదట.

"చాలమ్మా" అన్నాను.

ఊచ వదిలింది.